చాయ్ అయ్యేదాకా వెలిగించొద్దు

కెప్టెన్ నిజార్ స్టేషన్లో కుర్చీలు కూడా మా ఆఫీసు కుర్చీల కంటే బాగుంటాయి. శనివారం ఉదయం పదకొండింటికి అలాంటి ఒక కుర్చీలో కూర్చుని, లాకప్ నుంచి ఉస్తా దర్వేష్‌ని తీసుకొచ్చేదాకా నేను ఆలోచించింది కేసు గురించి కాదు, ఆ కుర్చీ గురించే. దాచడం ఎందుకు? పోలీసు స్కూల్లో నిజార్, నేను ఒకే బెంచీ. చివరి పరీక్షలో నాకు అతని కంటే తొమ్మిది మార్కులు ఎక్కువ. ఇప్పుడతను కెప్టెన్, నేను ఇంకా ఇన్‌స్పెక్టర్ లతీఫ్‌నే. పదమూడేళ్ళుగా ఈ లెక్క నాకు అరగడం లేదు.

కేసు చూస్తే చిన్నది. గురువారం ఉదయం పది గంటలకి బాగ్దాదు షోర్జా బజారులో బట్టల వ్యాపారి హిక్మత్ తన కొట్టు వెనకగదిలో కాలి చనిపోయాడు. సాయంత్రానికల్లా నిజార్ తేల్చేశాడు. లైటర్లు బాగుచేసే మేస్త్రీ ఉస్తా దర్వేష్ ఆ ఉదయం హిక్మత్ లైటర్లో పెట్రోలు పొంగిపోయేలా నింపాడు, వెలిగించగానే చేతులకీ చొక్కాకీ అంటుకుంది, మనిషి బట్టల తానుల మీద పడ్డాడు. ముసలాయన నిర్లక్ష్యమే ప్రాణం తీసిందని ఫైలు. మధ్యాహ్నం ఒంటిగంటకి జడ్జి సంతకం పెడితే ఆయన జైలుకి పోతాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి మళ్ళీ బయటకొస్తాడని ఎవరికీ ఆశ లేదు. ఆయన కూతురు బహీజా మా ఆఫీసు పెద్దాయన గుమ్మంలో కూర్చుని కదలనంటే, ఫైలు ఒకసారి చూసి రమ్మని నన్ను తరిమారు. నా చేతిలో ఉన్నది రెండు గంటలు.

ఉస్తా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ నలుపు.

"గురువారం హిక్మత్ ఎన్నింటికి వచ్చాడు?"

"తొమ్మిదికి. నా బండి మీద గుడ్డ అప్పుడే తీశాను."

"ఏం చేశావు?"

"వత్తి మాడిపోయింది, కొత్తది వేశాను. చెకుముకి రాయి అరిగిపోయింది, అడుగు మర విప్పి కొత్తది పెట్టాను. రాయి పూర్తిగా అరిగేదాకా వాడితే కింద స్ప్రింగు చక్రాన్ని కొరికేస్తుంది బాబూ, ఎవడికి చెప్పినా వినడు. తర్వాత పెట్రోలు పోశాను."

"పొంగేదాకా."

ముసలాయన నన్ను జాలిగా చూశాడు. "నువ్వు అగ్గిపెట్టె మనిషివి కదూ?"

అది నిజమే. నాకు లైటరు కొనిచ్చినవాళ్ళు లేరు, కొనుక్కుందామంటే జీతం ఒప్పుకోలేదు. అయినా ముసలాయన అలా కనిపెట్టేసరికి నాకు చుర్రుమంది.

"అయితే చెప్పు, తెలియనివాడికి చెప్పినట్టే చెప్పు."

"పైన వెండి గూడులోంచి లోపలి పెట్టెని బయటికి లాగాలి. అడుగున మందపాటి గుడ్డ మూత ఉంటుంది, దాన్ని ఎత్తితే కింద దూది. ఆ దూది మీద చుక్కచుక్కగా పోయాలి. దూది తాగుతుంది. తాగడం మానిందంటే నువ్వూ ఆపాలి. చుట్టుపక్కల హుక్కా కానీ సిగరెట్టు కానీ ఉండకూడదు. మూత పెట్టి, పొడిగుడ్డతో లైటరు తుడవాలి, వేళ్ళు తుడవాలి. అప్పుడు దాన్ని ఖాళీ సాసర్లో పెట్టి, వచ్చినవాడి చేతికి చాయ్ ఇస్తాను. చాయ్ అయ్యేదాకా వెలిగించొద్దు. అది నా బండి దగ్గర చట్టం. మంత్రి వచ్చినా అంతే. చాయ్ తాగేలోపు పైపైన ఉన్న పెట్రోలు ఎగిరిపోతుంది."

"హిక్మత్ తాగాడా?"

"రెండు తాగాడు. చాయ్ కొట్టు సబ్రీని అడుగు. పెళ్ళి కుదిరినవాడు కదా, ఆగకుండా మాట్లాడాడు. తొమ్మిదిన్నరకి వెళ్ళాడు."

"పొరపాటున ఎక్కువ పోశావేమో. వయసు మీద పడింది."

"ఎక్కువ పోస్తే లైటరు భగ్గుమనేలోపే తొడ చెప్తుంది బాబూ. జేబులో కారి, గుడ్డ దాటి, చర్మం మీద పొక్కుతుంది. రెండుమూడు రోజులు మంట, దురద. గోక్కోకుండా కూర్చోలేడు." ఆయన చేతులు బల్ల మీద పెట్టాడు. "నేను చేసిన ప్రతి లైటరు మీదా నా గుర్తు ఉంటుంది. లోపలి పెట్టె పక్కన, కీలు కింద, సూదితో ఒక చేప, తేదీ. బియ్యపుగింజంత. అద్దం లేకపోతే కనపడదు. ఆ కాలిన లైటరు మీద నా చేప ఉంటే నన్ను జైల్లో వెయ్యి. ఆ కెప్టెన్‌ని చూడమన్నాను. నవ్వాడు."

జప్తు చేసిన సామాన్లలోంచి ఆయన కంటికి తగిలించుకునే అద్దం అడిగి తీసుకున్నాను. సబ్రీని అడిగితే రెండు చాయ్‌లు నిజమే, పైగా హిక్మత్ రెండోదానిలో చక్కెర చాలలేదని గొడవ కూడా పెట్టాడట.

పదకొండూ నలభైకి హిక్మత్ కొట్టుకి వెళ్ళేసరికి నిజార్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, నూనె రాసి దువ్విన జుట్టు. కాలిన గదిలో నిలబడినా మనిషి పెళ్ళికి వచ్చినట్టే ఉన్నాడు. నా చొక్కా కాలరు మడత లోపలికి తోసుకున్నాను.

"రా లతీఫ్. నా ఫైల్లో అక్షర దోషాలు వెతకడానికి పంపారా?"

"వెతకడం వరకే నా పని. దొరికితే నీ అదృష్టం."

"ఇంకా నా మీద పడి ఏడుస్తూనే ఉన్నావా? పదమూడేళ్ళయింది తమ్ముడూ. కళ్ళు పాడవుతాయి."

గది చూశాను. గోడలు నల్లగా ఉన్నాయి, మూలన బట్టల తానులు బూడిద. మధ్యలో బల్ల, దాని మీద ఇత్తడి పళ్ళెం. అతిథి వస్తే మన వాళ్ళు సిగరెట్లూ లైటరూ తీసి అలాంటి పళ్ళెంలోనే పెడతారు, వచ్చినవాడూ తనవి దాంట్లోనే పెడతాడు. పళ్ళెమంతా మసి పట్టింది, ఒక్కచోట తప్ప. అక్కడ బొటనవేలు పొడవున నలుచదరంగా ఇత్తడి మెరుస్తోంది.

"లైటరు ఎక్కడ దొరికిందని రాశావు?"

"శవం కుడిచేతి పక్కన."

"ఇది?"

అతను పళ్ళెం వంక చూసి భుజాలు ఎగరేశాడు. "అగ్గిపెట్టె ఉండుంటుంది. కాలిపోయింది."

"అగ్గిపెట్టె కాలితే కింద బూడిద మిగలాలి. లైటరు ఇవ్వు."

అతను కవరు విసిరాడు. లోపల మసిబారిన వెండి లైటరు. సుబ్బీ తెగ కంసాలి పని, వెండిలో నల్లపూత నింపి గీసిన పడవ, ఖర్జూరపు చెట్టు. దాన్ని ఆ నలుచదరం మీద పెట్టాను. కొలిచి చేసినట్టు కూర్చుంది.

"ఫైరింజను వాళ్ళు కదిలించుంటారు," అన్నాడు నిజార్. "మంటల్లో పళ్ళెం మర్యాద ఎవడు చూస్తాడు?"

మూత తెరిచాను. బయటంతా నలుపు, మూత లోపలి వైపు మాత్రం వెండి తెల్లగా ఉంది. మంట లేచినప్పుడు ఈ లైటరు మూసి ఉంది. మూసి ఉన్న లైటరు నిప్పు పెట్టదు. వత్తి చూశాను, మొద్దుబారి, గట్టిగా మాడి, నెలలనాటి పెంకు కట్టి ఉంది. తొమ్మిదింటికి వేసిన కొత్త వత్తి కాదది. లోపలి పెట్టె లాగి అడుగు మూత ఎత్తాను. దూది ఎండిపోయి పసుపు తిరిగింది. నిండు లైటరు ఇంత మంటలో ఉంటే పొంగి మండేది. ఇది మంటకి ముందే ఎండిన లైటరు. అద్దం కంటికి పెట్టుకుని కీలు కింద రెండుసార్లు వెతికాను. చేప లేదు.

"ఉస్తా చెయ్యి పడిన లైటరు కాదిది."

"ముసలాడు గీయడం మర్చిపోయాడు. వత్తి వెయ్యడమూ మర్చిపోయి డబ్బులు తీసుకున్నాడు. బజారు ఉస్తాలంతా అంతే. అందుకే నా లైటరు వాళ్ళలో ఒక్కడి చేతికీ ఇవ్వలేదు, ఇవ్వను. నా పెట్రోలు నేనే పోసుకుంటాను, గురువారం గురువారం."

ఆ మాట నిజమని నగరంలో సగం పోలీసులకి తెలుసు. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో పదిదాకా పైకి లెక్కపెడుతూ పోస్తాడు. లోపల ఎంత ఉందో చూడడు.

అతను సిగరెట్టు తీసి, జేబులోంచి తన లైటరు తీశాడు. అదే పడవ, అదే ఖర్జూరపు చెట్టు. ఒక్క గీతకి వెలిగింది.

ఇక్కడ నా రోగం గురించి చెప్పాలి. ఆ లైటరు మీద నాకు ఆరేళ్ళుగా కన్ను. నిజార్ నిశ్చితార్థం రోజు పెళ్ళికూతురు సుహైలా దాన్ని అతని చేతిలో పెట్టినప్పుడు నేను అక్కడే, మిఠాయి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. అదే వీధిలో ఉండేవాణ్ణి, నిజార్ కంటే రెండేళ్ళ ముందు నుంచీ ఆ కిటికీ వైపు చూసేవాణ్ణి, చెప్పడానికి నోరు రాలేదు. పోయినేడు ఆ సంబంధం చెడింది. రెండు నెలల క్రితం సుహైలాకి హిక్మత్‌తో కుదిరింది. ఆమె అదే కంసాలి దగ్గర, అదే బొమ్మతో, హిక్మత్‌కి ఇంకో లైటరు చేయించిందని విన్నప్పుడు ఆఫీసర్ల క్లబ్బులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే ఎక్కువ. నిజార్ నవ్వలేదు.

ఎవడి వస్తువుని వాడు ఎంత చూసుకుంటాడు? రోజూ ఉండేదేగా. పక్కవాడే దాన్ని కళ్ళతో కొలుస్తాడు. నిజార్ లైటరు ఎప్పుడూ మూడో గీతకి గానీ వెలగదని నాకు తెలుసు, ఎందుకంటే దానికి వత్తి మార్చిన పాపాన పోలేదు. క్లబ్బు చలువరాతి మీద పడి దాని మూత మూల, కీలు పక్కన, కందిగింజంత సొట్ట పడిందని కూడా తెలుసు. ఆ రోజు నాకెంత హాయిగా ఉందో చెప్పుకుంటే సిగ్గు.

నా చేతిలో ఉన్న కాలిన లైటరు మూత మూల తడిమాను. కీలు పక్కన కందిగింజంత సొట్ట తగిలింది.

తల ఎత్తకుండా అడిగాను. "గురువారం ఇక్కడికి ఎన్నింటికి వచ్చావు?"

"పదీ నలభైకి. ఫైరింజను వెనకాలే. రాశాను కదా."

"దానికి ముందు?"

"ఈ గడప తొక్కి ఏడాది. ఎందుకు తొక్కుతాను? పెళ్ళికొడుక్కి గోరింటాకు పెట్టడానికా?" అతను కుడి తొడ మీద గోక్కున్నాడు, అలవాటుగా, యూనిఫాం మీద నుంచే. కాసేపటికి మళ్ళీ గోక్కున్నాడు.

"శవం తల వెనక దెబ్బ ఉందని నీ ఫైల్లోనే ఉంది."

"పడ్డాడు, తగిలింది. లతీఫ్, ఒక మాట చెప్తాను విను. నువ్వు ఏం కనిపెట్టినా జడ్జి నన్ను అడుగుతాడు, నేను చెప్తాను, పాపం ఇతనికి నా మీద పాత కుళ్ళు అని. జడ్జికి తెలుసు. నీ ఆఫీసుకి తెలుసు. చాయ్ తెచ్చేవాడికి తెలుసు. నీ నోట్లోంచి వచ్చిన నిజం కూడా ఏడుపులాగే వినిపిస్తుంది."

అతను చెప్పింది అక్షరాలా నిజం, అదే నన్ను కాల్చింది. సొట్ట గురించి చెప్తే నా మాట ఒక్కటే సాక్ష్యం. ఆరేళ్ళు ఇంకొకడి లైటరు వైపు గుడ్లప్పగించి చూశానని కోర్టులో ఒప్పుకోవాలి. రెండో లైటరు నా చేతికి రావాలి, అదీ ఇంకొకరి కళ్ళెదుట. జేబు వెతకమంటే వాడు కెప్టెన్, నేను ఇన్‌స్పెక్టర్. అనుమానం వచ్చిన మరుక్షణం ఆ లైటరు టైగ్రిస్ నదిలో ఉంటుంది.

"సరే," అన్నాను. "జడ్జి దగ్గర కలుద్దాం."

జడ్జి షౌకత్ గారి గదిలో అడుగుపెట్టేసరికి పన్నెండూ యాభై. ఆయన ముందు కాయితం, పక్కన కలం. నిజార్ ఎదురు కుర్చీలో ఉన్నాడు. కాలిన లైటరు ఉన్న కవరు నా మోచేతి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ముగ్గురికీ చాయ్ వచ్చింది.

"చెప్పవయ్యా," అన్నాడు జడ్జి నాతో. "కెప్టెన్ అంటాడు, నువ్వు పళ్ళేల మీద మసి కొలుస్తున్నావట."

"కొలిచానండి. చెప్పేంత పెద్దదేం దొరకలేదు."

నిజార్ మొహం విచ్చుకుంది. గెలిచినవాడు సిగరెట్టు తాగుతాడు. అతను చాయ్ ముట్టుకోకుండానే లైటరు తీసి ఒక్క గీతకి వెలిగించి, మూత టప్పున మూసి, బల్ల మీద పెట్టాడు. వేళ్ళు మళ్ళీ తొడ మీదికి పోయాయి.

నేను ముందుకు వంగాను. "ఎంత బాగుంది నిజార్ ఈ లైటరు. ఇంత అందమైన వస్తువు నా కంటికి ఎప్పుడూ పడలేదు."

మన దేశంలో ఈ మాటకి ఒకటే జవాబు ఉంది. పాలు తాగే వయసు నుంచి నేర్చుకుంటాం.

"ఇంకేం, నీదే అనుకో," అన్నాడు నిజార్, నవ్వుతూ, నావైపు తోస్తున్నట్టు వేలు కదిపి. "నీకంటే ఎక్కువా?"

దానికీ ఒకటే జవాబు ఉంది. దాని అందం దాని యజమాని దగ్గరే అనాలి, చేతులు గుండెకి ఆనించుకోవాలి, వస్తువు ఉన్నచోటే ఉండాలి. వెయ్యేళ్ళుగా ఎవడూ ఈ వరుస తప్పలేదు.

"అల్లా నీ ఇల్లు నింపాలి," అన్నాను. "తీసుకుంటున్నాను." లైటరు నా గుప్పిట్లోకి వచ్చేసింది.

జడ్జి కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన నావైపు చూసిన చూపు, చావింటి భోజనంలో గిన్నె ఎత్తుకుపోయినవాడి వైపు చూసినట్టుంది.

"లతీఫ్," అన్నాడు నిజార్, పళ్ళ బిగువున. "సరదాకి కూడా ఒక హద్దుంటుంది."

"ఇచ్చిన మాట జడ్జిగారి ముందు ఇచ్చావు." నేను లోపలి పెట్టె పైకి లాగాను. వేళ్ళకి తడి తగిలింది, పెట్రోలు వాసన గుప్పుమంది. "అయ్యో, పొంగి ఉంది. గురువారం మధ్యాహ్నం పోశావు కదూ? అప్పటికే నిండుగా ఉన్నదాన్లో మళ్ళీ పదిదాకా లెక్కపెట్టావు. అందుకే తొడ పొక్కింది. చూపించమని నేను అడగను, డాక్టరు అడుగుతాడు."

"ఇది నా లైటరు. ఆరేళ్ళ నుంచి నాది."

"జడ్జిగారూ, పొద్దున ఇతను నాతో అన్నాడు, ఈ లైటరు ఏ ఉస్తా చేతికీ ఇవ్వలేదని. మీ ముందు కూడా అనమనండి."

"ఇవ్వలేదు," అన్నాడు నిజార్, ఒక క్షణం తొందరపడి. "ఎందుకివ్వాలి?"

లోపలి పెట్టెని గుడ్డతో తుడిచి, వేళ్ళు తుడుచుకుని, అద్దంతో పాటు జడ్జి ముందు పెట్టాను. నిజార్ సిగరెట్టు నేనే తీసి దూరంగా నలిపాను, ఉస్తా చెప్పింది మర్చిపోకుండా.

"కీలు కిందండి. బియ్యపుగింజంత ఉంటుంది."

జడ్జి అద్దం కంటికి పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. "చేప," అన్నాడు. "పన్నెండో తేదీ."

"మొన్న గురువారం. తొమ్మిది గంటలకి ఉస్తా దర్వేష్ చేసిన గుర్తు. ఇది హిక్మత్ లైటరు. తొమ్మిదిన్నరకి అతని జేబులో ఉంది. పదింటికి అతను కాలిపోయాడు. దీని మీద మసి చుక్క లేదు, అంటే మంట పూర్తిగా లేవకముందే ఇది ఆ గది దాటింది." కవరులోని కాలిన లైటరు వేలితో చూపించాను. "రెండూ ఒకే పళ్ళెంలో ఉన్నాయి. వెలిగించినవాడు చేతికందింది తీసుకుని, పని అయ్యాక అలవాటుగా జేబులో వేసుకున్నాడు. తనదో కాదో చూసుకోలేదు."

"ఇదంతా ఇతని కుళ్ళు," అన్నాడు నిజార్. "మీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు జడ్జి.

"కుళ్ళు ఉంది," అన్నాను. "పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి. ఆ పళ్ళెంలో నీ లైటరు పక్కన అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టినప్పుడు నీకెలా ఉండుంటుందో, బాగ్దాదులో నాకంటే బాగా ఎవడికీ తెలియదు. నేను అయితే ఇంటికెళ్ళి ఏడ్చేవాణ్ణి."

జడ్జి ఉస్తా కాయితాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టాడు. కలం మూత పెట్టాడు. ఆ తర్వాత మెల్లగా, పిల్లాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"కెప్టెన్, ఇది హిక్మత్‌ది. మరి మీ లైటరు ఎక్కడుంది?"

నిజార్ కళ్ళు నా మోచేతి దగ్గరున్న కవరు మీదికి, అందులో కాలిన లైటరు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. ముందున్న చాయ్ ముట్టకుండానే చల్లారిపోయింది.